నెలసరి సెలవు: నూరేళ్ళ నాటి కోరిక

2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఉద్యోగినులకు నెలకొక రోజు చొప్పున, ఏడాదికి 12 రోజులు, జీతంతో కూడిన నెలసరి సెలవును ఆమోదించింది. ఇదేదో ఈ కాలపు ఆడపిల్లలు తెచ్చిన కొత్త కోరిక అని పెదవి విరిచినవారు లేకపోలేదు. వారికి ఒక పాత సంగతి మనవి చేస్తాను. 1912లోనే, అప్పటి కొచ్చిన్ సంస్థానంలోని త్రిప్పూణిత్తుర ప్రభుత్వ బాలికల పాఠశాల, నెలసరి కారణంగా వార్షిక పరీక్షకు రాలేని విద్యార్థినులు దానిని తరువాత రాసుకొనేందుకు వీలు కల్పించింది.

"మన ఇళ్ళలో మూడు రోజులు దూరంగా కూర్చోబెట్టేవారు కదా, అది సెలవు కాదా?" అని అడిగే పెద్దలు కూడా ఉన్నారు. వైద్యునిగా ఈ వాదనను నేను అంగీకరించలేను. మైల పేరిట దూరం పెట్టడం వేరు, నొప్పిని చూసి పని తగ్గించడం వేరు. వంటింటి గడప తొక్కవద్దన్న ఇల్లే పేదింటి కోడలిని నాట్లకూ కలుపుకూ పంపుతూనే ఉండేది.

చట్టం విషయానికి వస్తే జపాను కథ తెలుసుకోదగినది. 1920ల చివర టోక్యో నగర బస్సులలో పనిచేసే మహిళా కండక్టర్లు ఈ సెలవును కోరారు. గంటల తరబడి నిలబడి చేసే ఉద్యోగం, దారిలో మరుగుదొడ్డి ఉండదు, గుడ్డ మార్చుకొనే చోటు ఉండదు. వారి ఇబ్బందిలో సగం శరీరానిదైతే, మిగిలిన సగం పనిచేసే చోటుది. యుద్ధానంతరం 1947లో వచ్చిన కార్మిక ప్రమాణాల చట్టం ఈ సెలవుకు స్థానం కల్పించింది. నెలసరి వల్ల పని చేయడం మిక్కిలి కష్టమైన స్త్రీ సెలవు అడిగితే యజమాని కాదనరాదని అందులో ఉంది. జీతం ఇవ్వాలని మాత్రం లేదు. 1965లో దాదాపు 26 శాతం ఉద్యోగినులు ఈ సెలవును వాడుకొన్నారు. 2020 నాటికి ఆ సంఖ్య ఒక శాతం కన్నా తక్కువకు పడిపోయింది. జపాను స్త్రీలకు నొప్పి తగ్గిపోయిందా? లేదు. జీతం లేని సెలవు కోసం మగ అధికారి ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి మనసొప్పక, మామూలు సెలవే పెట్టుకొంటున్నారు. హక్కు పుస్తకంలో భద్రంగానే ఉంది.

ఆ చట్టం వచ్చిన నాటికి ఈ నొప్పికి కారణం వైద్యులకు తెలియదు. మానసికమని కొట్టిపారేసిన వైద్యులు ఎందరో. 1957లో పికిల్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, బహిష్టు స్రావంలో గర్భాశయ కండరాన్ని బిగించే పదార్థం ఉన్నదని చూపించాడు. అవి ప్రోస్టాగ్లాండిన్లని తరువాత తేలింది. వాటి వల్ల గర్భాశయం గట్టిగా ముడుచుకొని, రక్తప్రసారం తగ్గి నొప్పి పుడుతుంది. మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్రలు వాటి ఉత్పత్తిని అడ్డుకొంటాయి కనుకనే పనిచేస్తాయి. మాత్రకు లొంగని నొప్పి, ఏటేటా పెరిగే నొప్పి, అధిక రక్తస్రావంతో కూడిన నొప్పి ఉంటే మాత్రం ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్ల వంటివి ఉన్నాయేమో పరీక్ష చేయించుకోవాలి. ఓర్చుకోమని సలహా ఇచ్చే అమ్మమ్మలు ఈ వాక్యాన్ని రెండోసారి చదవాలి.

దక్షిణ కొరియా 1953లో జీతంతోనే సెలవిచ్చింది. అయితే 2003లో, ఐదు రోజుల పనివారాన్ని తెచ్చిన సవరణతోపాటే, ఆ జీతాన్ని తీసివేసింది. మన దేశంలో బీహారు 1992లో, ఉద్యోగినుల ఆందోళన ఫలితంగా, నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవును మంజూరు చేసింది. అది నేటికీ అమలులో ఉంది. కాని అది ప్రభుత్వ కొలువులో ఉన్నవారికే.

కొలువు లేనివారి సంగతి మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెబుతుంది. అక్కడి నుండి చెరకు నరకడానికి భార్యాభర్తలు జంటగా వలస వెళతారు. ముఠా మేస్త్రీ ముందుగా బయానా ఇస్తాడు. ఒక రోజు పని మానితే 500 రూపాయల దాకా జరిమానా. నెలసరి పేరిట రోజులు పోగొట్టుకోలేక గర్భసంచినే తీయించుకొంటున్నారని 2019లో పత్రికలు రాశాయి. తరువాత ప్రభుత్వం వేసిన సంఘం 82,309 మంది స్త్రీలను విచారించగా 13,861 మందికి గర్భాశయం లేదని తేలింది. మనమేమీ తక్కువ తినలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇందుకు కారణాలు అనేకం. కాని "తీసేస్తే పీడా పోతుంది, పనికి పోవచ్చు" అన్న మాటను ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన ఏ వైద్యుడైనా వినే ఉంటాడు. ముప్పై అయిదేళ్ళకే అండాశయాలతో సహా గర్భసంచి పోయిన స్త్రీకి ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం ఆ "పీడ" కన్నా పెద్దవి.

యజమానులు జీతంతో సెలవివ్వాలా? ఇవ్వాలనే నా అభిప్రాయం. 2024 జూలైలో మన సుప్రీంకోర్టు, ఇది విధాన నిర్ణయమంటూ, తప్పనిసరి చేస్తే స్త్రీలను ఉద్యోగాలలోకి తీసుకోకపోవచ్చునని సందేహం వెలిబుచ్చింది. ఆ భయం నిరాధారమైనది కాదు. ప్రసూతి సెలవు విషయంలో, ఈఎస్ఐ వర్తించని చోట, 1961 చట్టం జీతభారమంతా యజమానిపైనే మోపింది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే ఎలాంటి ప్రశ్నలు ఎదురవుతాయో మీకు తెలియనిది కాదు. స్పెయిన్ 2023లో చట్టం చేసినప్పుడు ఈ చిక్కును గమనించింది. అక్కడ వైద్యుని పత్రంపై సెలవు లభిస్తుంది, ఆ రోజుల జీతాన్ని ప్రభుత్వ సామాజిక భద్రతా నిధి చెల్లిస్తుంది. మన ఈఎస్ఐ కూడా జబ్బు సెలవుకు వేతనంలో 70 శాతం ఇస్తూనే ఉంది. ఏడాదికొక్క పత్రంతో, నెలనెలా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేకుండా, ఈ రోజులను కూడా అందులో చేర్చవచ్చు. చెరకు నరికే స్త్రీ మాత్రం ఈఎస్ఐ జాబితాలో లేదు. ఆమె పేరు మేస్త్రీ పుస్తకంలో, భర్త పేరు పక్కన, బయానా లెక్క కింద ఉంటుంది.