నిజాంసాగర్ గేట్లు, మా అత్తమ్మ చేను

మా ఊరు కుండల్‌వాడి. నాందేడ్ జిల్లా, బిలోలి తాలూకా. మా ఊరికి దగ్గర్లోనే కందకుర్తి కాడ మంజీర నది గోదావరిలో కలుస్తుంది. వానాకాలం వస్తే మా తాత మొగులు దిక్కు చూడడు. "నిజాంసాగర్ల నీళ్లెన్ని వచ్చినయి?" అని అడుగుతాడు. ఇక్కడ ఎండ కొడుతుంటే వరద ఎక్కడి నుంచి వస్తుందని చిన్నప్పుడు నేను నవ్వుకునేదాన్ని.

మా మేనత్త వాళ్ల చేను మంజీర ఒడ్డున ఉంది. ఒక ఏడు సోయా మోకాలెత్తు పెరిగింది. రెండు రోజులుగా చుక్క వాన లేదు. తెల్లారి పోయి చూస్తే చేనంతా నీళ్లే. పైన గేట్లు ఎత్తిండ్రని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి నాకు తాత ప్రశ్న అర్థమైంది. అందుకే ఆ డ్యామ్ చరిత్ర తెలుసుకున్నాను.

మంజీర మన రాష్ట్రంలోనే, బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. కర్ణాటక, తెలంగాణ తిరిగి మళ్లీ మన సరిహద్దుకే వస్తుంది. ఏడవ నిజాం కాలంలో 1923లో దీని మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. అప్పుడు కుండల్‌వాడి, నిజామాబాద్ ఒకే హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి, నిజామాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. మనుషులం విడిపోయాం గానీ నది విడిపోలేదు.

కట్టినప్పుడు నిజాంసాగర్‌లో దాదాపు 29.7 టీఎంసీల నీళ్లు పట్టేవి. నది తెచ్చిన ఒండ్రు నిండి ఇప్పుడు 17.8 టీఎంసీలే పడుతున్నాయి. ఒండ్రుతో పంటకు నీళ్లు తగ్గడం ఒక్కటే కాదు. జాగా తక్కువైతే డ్యామ్ తొందరగా నిండుతుంది, వరదను ఆపుకునే శక్తి తగ్గుతుంది, గేట్లు ముందే ఎత్తాలి. ఆ నీళ్లు కిందికే వస్తాయి.

పాత డ్యామ్ అంటే బలం లేనిదని కాదు. 1922లో పూర్తయిన పోచారం డ్యామ్ 2025 ఆగస్టులో భయంకరమైన వరదకు పక్కన మట్టి కోసుకుపోయినా తెగకుండా నిలబడింది. కానీ 1958లో ఒకసారి తెగిన కడెం ప్రాజెక్టుకు 2022 జూలైలో పెద్ద వరద వచ్చినప్పుడు ఒక గేటు తెరుచుకోలేదు. చెట్లు, మొద్దులు కొట్టుకొచ్చి గేట్లకు అడ్డం పడ్డాయి. కింది ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించారు. రాయి గట్టిగా ఉంటే సరిపోదు, గేటు కూడా కదలాలని దీంతో తెలుస్తుంది.

గేటు కదలాలంటే తుప్పు గీకి రంగు వేయాలి, ఇనుప తాళ్లకు గ్రీజు పెట్టాలి, కరెంటు పోతే జనరేటర్ నడవాలి. రాతి కట్టలో రావి, మర్రి మొక్కలు మొలిస్తే చిన్నగా ఉన్నప్పుడే పీకాలి, లేకపోతే వేర్లు సందులు పెంచుతాయి. కట్ట నుంచి ఊరే నీళ్లను కొలిచి రాసుకోవాలి. ఇవన్నీ చిన్న పనులే. కట్టిన వాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి, గ్రీజు పెట్టిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అయినా ఇన్నేళ్లు డ్యామ్‌ను కాపాడింది వాళ్లు కూడా.

2021 డ్యామ్ భద్రత చట్టం ప్రకారం వానాకాలానికి ముందు, తర్వాత పెద్ద డ్యామ్‌లను తనిఖీ చేయాలి. ఆపద వస్తే ఏం చేయాలో ముందే ప్రణాళిక ఉండాలి. నా కోరిక ఒక్కటే. గేట్లు ఎత్తే ముందు వార్త సరిహద్దు దాటి మా ఊళ్లకు నీళ్ల కన్నా ముందు చేరాలి. తెలుగులోనూ, మరాఠీలోనూ చేరాలి.

ఈ ఏడు కూడా తాత అదే ప్రశ్న అడిగాడు. ఈసారి నేను నవ్వలేదు. ఫోన్‌లో చూసి నీటిమట్టం చెప్పి, అత్తమ్మకు ఫోన్ చేశాను.