నీడ మధ్యలో వెలుగు చుక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. కరువు భత్యం గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను వెలుగు గురించి రాస్తున్నాను. ఇందులో కథానాయకుడు కూడా మనలాగే ప్రభుత్వోద్యోగి. పేరు ఆగస్టిన్ ఫ్రెనెల్. 1788లో ఫ్రాన్సులో పుట్టి, రోడ్లు, వంతెనల శాఖలో ఇంజనీరుగా చేరాడు.

వెలుగు అంటే ఏమిటి? తరంగమని హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1690లో పుస్తకం రాశాడు. కాదు, సూక్ష్మ కణాల ప్రవాహమని న్యూటన్ అన్నాడు. న్యూటన్ అంతటివాడి మాటకు నూరేళ్లపాటు ఎదురులేకపోయింది. 1801 తర్వాత ఇంగ్లండులో థామస్ యంగ్ అనే వైద్యుడు, రెండు వెలుగులు కలిసినచోట చీకటి కూడా పుట్టవచ్చునని చూపితే ఎగతాళే మిగిలింది.

ప్రత్యర్థుల అభ్యంతరం సబబుగానే ఉండేది. గోడ అవతలి మనిషి మాట వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ధ్వని తరంగం గనుక వంగి వస్తుంది. వెలుగూ తరంగమే అయితే ఎందుకు వంగదు?

వంగుతుంది. కాని మన మాట తరంగం పొడవు అడుగుల లెక్కలో ఉంటే, వెలుగు తరంగం మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. అందుకే ఆ వంపు కంటికి ఆనదు. రెండు వేళ్లు దాదాపు ఆనించి, ఆ సన్నని సందులోంచి ఒంటి కంటితో ట్యూబులైటును చూడండి. సందులో సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. వంగిన తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకున్న చోట్లు అవి.

1815లో నెపోలియన్ తిరిగి గద్దెనెక్కాడు. అతనికి వ్యతిరేకంగా నిలిచినందుకు ఫ్రెనెల్‌ను సస్పెండు చేశారు. పోలీసు నిఘా కూడా పెట్టారు. అతడు మాత్యూ అనే పల్లెలో ఉన్న తల్లి దగ్గరకు చేరాడు. ప్రయోగశాల లేదు. కటకం బదులు తేనెబొట్టు వాడుకున్నాడు. కావలసిన పనిముట్లు ఊళ్లోని తాళాలు చేసే పనివాడు చేసిపెట్టాడు. వాటితోనే నీడల అంచులు కొలిచాడు. నెపోలియన్ పతనమయ్యాక మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. సెలవులు దొరికినప్పుడల్లా పరిశోధన సాగించాడు.

పారిస్ సైన్సు అకాడమీ ఇదే విషయంపై పోటీ పెడితే, 1818లో తన గణితాన్ని పంపాడు. పరీక్షకులలో ఒకరైన పాయిజాన్ కణవాది, గణితంలో దిట్ట. ఆయన లెక్క వేసి, “ఈ సిద్ధాంతం నిజమైతే గుండ్రని బిళ్ల నీడ సరిగ్గా నడిమధ్యన వెలుగు చుక్క కనిపించాలి” అని తేల్చాడు. బిళ్ల అంచు అంతటి నుంచీ నడిమికి దూరం ఒక్కటే గనుక, అక్కడ తరంగాలన్నీ కలిసి బలపడాలి. నీడలో వెలుగేమిటి, అసంబద్ధం అన్నది ఆయన అభిప్రాయం.

మరొక పరీక్షకుడు అరాగో అక్కడితో ఫైలు మూయలేదు. రెండు మిల్లీమీటర్ల లోహపు బిళ్లను మైనంతో గాజుపలకకు అంటించి చూశాడు. నీడ నడుమ చుక్క వెలిగింది! 1819లో బహుమతి ఫ్రెనెల్‌కు దక్కింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఒక వితంతువు కుటుంబ పింఛను ఫైలుపై “పేరులో తేడా కలదు” అని రాసి తిప్పిపంపాను. సర్వీసు రిజిస్టరు నా బీరువాలోనే ఉంది. తీసి చూస్తే అయిదు నిమిషాల పని. చూడలేదు. ఆమె ఎనిమిది నెలలు తిరిగింది. అభ్యంతరం రాయడం తప్పు కాదు, రాసి పరీక్షించకపోవడం తప్పు. అరాగో కథ చదివినప్పుడల్లా ఆమె గుర్తుకు వస్తుంది.

1905లో ఐన్‌స్టీన్ వెలుగుకు కణ స్వభావం కూడా ఉందని చెప్పాడు. నేటి శాస్త్రం రెండు స్వభావాలనూ అంగీకరిస్తుంది.

ఫ్రెనెల్ తర్వాత దీపస్తంభాల శాఖలో పనిచేసి, మెట్లు మెట్లుగా కోసిన కటకం రూపొందించాడు. అది 1823లో కొర్డువాన్ దీపస్తంభంలో వెలిగింది. క్షయతో 1827లో, 39వ ఏట, పింఛను ముఖం చూడకుండానే కన్నుమూశాడు. మనలో చూపు తగ్గినవారు పేపరు చదవడానికి వాడే పల్చని ప్లాస్టిక్ భూతద్దం ఉన్నదే, దానిపై వేలితో రాసి చూడండి. గుండ్రని గీతలు తగులుతాయి. అవి ఆయనవే.