నటి నుండి నిర్మాతగా: ప్రైవేటు టెలివిజన్‌లో రాధిక

1978లో ‘కిళక్కే పోగుం రయిల్’తో తమిళ తెరకు పరిచయమైన రాధికను తెలుగువారు ‘న్యాయం కావాలి’, ‘స్వాతిముత్యం’ చిత్రాల ద్వారా ఎరుగుదురు. ఆమె టెలివిజన్ కృషిని సినీతారకు దొరికిన మలి ఆశ్రయంగా భావించడం పరిపాటి. ఈ అభిప్రాయం సమంజసం కాదు. అప్పటి సన్ టీవీ పద్ధతిలో నిర్మాత రుసుము చెల్లించి ప్రసార సమయం తీసుకొని, ప్రకటనల వ్యవధిని తానే అమ్ముకోవలసి వచ్చేది. నష్టం వస్తే అదీ నిర్మాతదే అయ్యేది. రాడాన్ సంస్థ ద్వారా రాధిక ఆ భారాన్ని తలకెత్తుకొన్నారు. 1999 చివరలో ప్రారంభమైన ‘చిత్తి’కి సి.జె. భాస్కర్ దర్శకుడు, శారద పాత్రధారిణి, నిర్మాత రాధికే. కేవలం పారితోషికం పుచ్చుకొనే నటికి కథాగమనంపై ఇంతటి అధికారం ఉండదు. అదే ధారావాహిక అనువాదమై జెమినీలో ‘పిన్ని’గా ప్రసారమైంది. తమిళంలో చిత్తి అంటే తల్లి చెల్లెలే కాదు, సవతితల్లి కూడా. తెలుగు పిన్నికీ ఆ రెండర్థాలూ ఉండడం అనువాదకులకు కలిసివచ్చింది.