గ్వాడలూప్: ఓ ఓటు కథ

గ్రీన్‌కార్డు క్యూ గురించి క్యాంటీన్‌లో రోజూ ఏడ్చే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. గ్వాడలూప్ చరిత్ర చదివాక కొంచెం సిగ్గేసింది.

ఇది కరీబియన్‌లో చిన్న దీవుల గుంపు. చట్టప్రకారం మాత్రం ఫ్రాన్సులో భాగం, చెల్లేది యూరో! 1635లో ఫ్రెంచివాళ్ళు దిగారు. ఆ తర్వాత ఆఫ్రికా బానిసల చేత చెరుకు పండించారు. 1794లో బానిసత్వం రద్దయింది, 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. లొంగడం ఇష్టంలేక లూయీ డెల్‌గ్రెస్ తన అనుచరులతో సహా మతూబాలో మందుగుండు పేల్చుకుని చనిపోయాడు. చివరికి 1848లో ఆ పీడ వదిలింది.

మరి చెరుకు ఎవరు నరకాలి? 1854 నుంచి 1889 దాకా సుమారు 42 వేల మంది భారతీయుల్ని ఐదేళ్ళ కాంట్రాక్టు మీద ఓడలెక్కించారు. వాళ్ళలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. భాష పోయింది, పిల్లల నోట క్రియోల్ మిగిలింది. మన మసాలా కూర మాత్రం అక్కడ 'కొలంబో' అయింది, గళ్ళ 'మద్రాస్' గుడ్డ ఆడవాళ్ళ తలపాగా అయింది.

అక్కడే పుట్టినా వాళ్ళ పిల్లలకి ఓటు లేదు. కూలీల బిడ్డ హెన్రీ సిదంబరం 1904లో దానికోసం పోరాటం మొదలుపెడితే, గెలిచేసరికి 1923 వచ్చింది. పంతొమ్మిదేళ్ళు!

మన క్యూ కూడా పొడుగే, కాదనను. కానీ మనం టికెట్ కొనుక్కుని వచ్చాం. తిరిగెళ్ళే దారీ ఉంది. వాళ్ళలో చాలామందికి ఆ దారి కూడా లేదు.