ఆగంతుక్ పుస్తకం

చైత్రం వచ్చిందంటే టాటానగర్‌లో మా కాసిడీహ్ ఇంటి డాబా మీంచి ఉత్తరాన దాల్మా కొండ మీద ఎర్రటి గీత కనిపించేది. కొండ దేవతకి ఎవరో దీపాలు పెట్టారని పిల్లలం అనుకునేవాళ్ళం. "దీపాలు కావర్రా, ఇప్పపూల కోసం ఆకు తగలెట్టారు" అంది బామ్మ. ఆవిడది పలాస దగ్గర ఊరు, అక్కడి కొండల్లోనూ ఇదే చూసింది. రాలిన ఎండాకు మీద పువ్వు పడితే ఏరడం కష్టం. ఆకు కాలిస్తే నేల తేటపడుతుంది. గాలి మళ్ళిందా, ఆ నిప్పు సాల్ మొలకల్ని తింటూ పైకెక్కుతుంది. దాన్ని కొట్టి ఆర్పడానికి ఫారెస్టు గార్డుల చేతుల్లో పచ్చి కొమ్మలే ఉండేవని చాలా ఏళ్ళ తర్వాత, పంతులమ్మనై పిల్లల్ని దాల్మాకి తీసుకెళ్ళినప్పుడు తెలిసింది.

తాత ఉద్యోగానికొచ్చి దిగిన స్టేషను కాళీమాటి. 1919లో అది టాటానగరైంది. సింగ్‌భూం సాల్ దుంగలు రైలు పట్టాల కింద స్లీపర్లుగా పరుచుకున్న కాలమది. సర్కారు 1864లో అటవీ శాఖ పెట్టింది, 1878 చట్టంతో అడవుల్ని రిజర్వు, రక్షిత అని విడదీసింది. అప్పట్లో అడవిని కాపాడటమంటే చాలా మటుకు కలప లెక్క చూసుకోవడమే. ఏ ఏడు ఏ కూపు, అంటే అడవిలో ఏ ముక్క, కొట్టాలో కాగితం మీద ఉండేది. కొట్టాల్సిన చెట్టు మీద గార్డు సుత్తితో సర్కారు ముద్ర వేసేవాడు, ముద్ర లేని దుంగ దొరికితే పట్టుకునేవాడు. ఆ దుంగ భుజాన మోస్తూ దొరికినవాడు చాలాసార్లు ఆ పక్క ఊరివాడే. తరతరాలుగా తన ఇంటికి వాసం తెచ్చుకున్న చోటే అతను దొంగయ్యాడు. ఇది చెప్పకుండా గార్డు ఉద్యోగం చరిత్ర చెప్పలేం.

దాల్మా పరిసరాల్లో జమీందారీ అడవులుండేవి. 1950 నాటి బిహార్ భూసంస్కరణల చట్టంతో జమీందారీలు పోయాయి, అడవులు సర్కారు చేతికొచ్చాయి. 1972లో వన్యప్రాణి చట్టం, 1976లో దాల్మా అభయారణ్యం. సుమారు 193 చదరపు కిలోమీటర్లు. దుంగలు లెక్కపెట్టిన శాఖే ఇక ఏనుగులకి నీళ్ళు చూడాలి. నిచ్‌లా బాంధ్, మజ్‌లా బాంధ్, బడ్‌కా బాంధ్ అని కొండ మీద చెరువులున్నాయి. ఎండల్లో ఏనుగులు దిగేది అక్కడికే. వానలు తగ్గి వరి పండే వేళకి మందలు పశ్చిమ బెంగాల్ వైపు, బాంకురా, మేదినీపూర్ పొలాలకి పోతాయి. 2001లో దేశంలో మొదటి ఏనుగుల రిజర్వు సింగ్‌భూం పేరు మీదే వచ్చింది.

మాంగో వంతెన దాటి, పార్డీహ్ మీదుగా వెళ్తే మకులాకోచా నాకా, అంటే అటవీ శాఖ చెక్‌పోస్టు, వస్తుంది. అక్కడ ఒక గార్డు ఉండేవాడు, సంతాల్ మనిషి. నన్ను దీదీ అనేవాడు. ఒకసారి మా పిల్లలు బస్సు దిగగానే అరిచారు. ఆయన కసురుకోలేదు. పిడికెడు మట్టి తీసి గాలిలోకి వదిలాడు. అది ఎటు పోయిందో చూపించి, "ఏనుగుకి కళ్ళకన్నా ముక్కు చురుకు. ఈ వేళ మీ వాసన చెరువు వైపు పోతోంది, ఆ దారి వద్దు" అన్నాడు. నలభై మంది ఒక్కసారిగా నోళ్ళు మూశారు. నా ముప్పై ఏళ్ళ పాఠాల్లో అంత బాగా చెప్పింది ఒక్కటీ లేదు.

ఆయనకి కష్టమైన రోజులు వైశాఖంలో వచ్చేవి. సెంద్రా, అంటే వేట పండుగ. సాల్ కొమ్మ చేతులు మారుతూ ఊరూరికీ కబురు చేరుతుంది. విల్లంబులతో, బల్లేలతో మగవాళ్ళు కొండెక్కుతారు. నగరంలో మనకి వినిపించేది వేట ఒక్కటే. ఆ రాత్రి కొండ మీద లో బీర్ బైసి కూర్చుంటుంది. ఊళ్ళో తెగని తగువులకి సంతాలులకి అదే పెద్ద కోర్టు. ఏ మనిషి తప్పయినా, ఊరి పెద్ద తప్పయినా అక్కడ అడగొచ్చు. కుర్రాళ్ళకి పెద్దలు నేర్పే మాటలూ పాటలూ ఆ రాత్రివే. చట్టం వేటనే ఆపమంటుంది. కానీ వేట పేరు లేకపోతే ఆ సభకి జనం కదలరు. అందుకే అధికారులు నాకాలు పెట్టి వలలూ ఉచ్చులూ తీసుకుంటూ, ఊరి పెద్దల్ని బతిమాలుతూ వస్తున్నారు. జంతువుని చంపకూడదనే నేనూ నమ్ముతాను. అయినా ఆ రాత్రిని ఆపాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఒక ఏడు సెంద్రా మర్నాడు తెల్లవారుజామున మా తమ్ముడి స్కూటర్ మీద నాకాకి వెళ్ళాను. రాత్రంతా నిద్రలేక గార్డు కళ్ళు ఎర్రబడ్డాయి. బల్ల మీద ఆగంతుక్ పుస్తకం, అంటే వచ్చినవాళ్ళ పేర్లు రాసే రిజిస్టరు ఉంది. మన తెలుగులో ఆగంతకుడంటే ముక్కూమొహం తెలియని మనిషి. ఆ మాట కింద నా పేరూ, కాసిడీహ్ అనీ రాశాను.

అప్పుడే పైనుంచి ఒక గుంపు దిగింది. దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళు, ఖాళీ భుజాలు. ముందు నడుస్తున్న పెద్దాయన్ని చూసి గార్డు లేచి వంగి జోహార్ చేశాడు. వాళ్ళ అన్నయ్యట. సంచులు విప్పించి చూశాడు. అన్నయ్య సంచి కూడా. ఏమీ లేవు.

"వీళ్ళ పేర్లు ఏ పుస్తకంలో రాస్తారు?" అని అడిగాను.

ఆయన ఆగంతుక్ పుస్తకం మూసి పక్కన పెట్టాడు. గ్లాసు తీసుకుని, అన్నయ్యకి నీళ్ళు ముంచడానికి కుండ దగ్గరికి వెళ్ళాడు.