పళ్లు రాలిన బెల్టు

1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలు అందజేశారు. ఆ చిన్న బండి ఊరూరా తిరగడం మొదలయ్యాక మెకానిక్ షెడ్లలో ‘టైమింగ్ బెల్టు’ అన్న మాట మామూలైపోయింది.

అంతకు ముందు మా సిద్దిపేట దారుల్లో శతాబ్దాల పాటు ఎడ్లబండిదే రాజ్యం. ఇరుసుకు కందెన పెట్టుకుంటే చాలు, విరిగితే వడ్రంగి, కమ్మరి ఉండేవారు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆ తర్వాత అంబాసిడర్లు, పద్మినులు వచ్చాయి. మొదట్లో ఆ రెండు కార్ల ఇంజన్లలోనూ పిస్టన్లు తిప్పే క్రాంకునూ, వాల్వులు తెరిచే క్యామునూ కలిపేది ఇనుప చైనే. అది సాగితే గరగరమని చెప్పేది. రబ్బరు బెల్టు చాలాసార్లు చెప్పకుండానే తెగుతుంది.

కార్ల తయారీలో ఈ పళ్ల బెల్టును పెద్ద ఎత్తున తెచ్చింది జర్మనీలోని గ్లాస్ కంపెనీ, 1962లో, తన 1004 కారుతో. మన రైతు గొర్రుతో చేసే పనిని చేసే విత్తన యంత్రాలతో ఎదిగిన కంపెనీ అది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు భలే సంతోషమైంది.

బెల్టు తెగితే ఏమవుతుందో మాత్రం సిద్దిపేటలోనే చూశాను. కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారం. దర్శనం చేసుకుని వస్తుంటే దుద్దెడ దగ్గర మా పాత డీజిల్ కారు టప్‌మని ఆగిపోయింది. సెకండ్ హ్యాండులో కొన్న బండి, పాత బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. నాన్న సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎప్పటిలా బరువుగా కాక, తేలిగ్గా గిర్రున తిరిగింది. ఫోన్లో ఆ సంగతి వినగానే మా మెకానిక్ మేస్త్రి అన్నాడు: “ఇగ సెల్ఫ్ కొట్టకుండ్రి సార్. బెల్టు పోయినట్టుంది. గుంజుకొని తీసుకరండ్రి.”

షెడ్డులో కవరు విప్పితే జానెడు మేర పళ్లు లేని నల్లటి పట్టీ బయటపడింది. ముందు ఆయిల్ సీలు కారి, నూనె తాగి రబ్బరు మెత్తబడింది. క్యాము ఆగిపోతే తెరుచుకున్న వాల్వు అక్కడే ఉండిపోతుంది. కొన్ని ఇంజన్లలో దానికీ పిస్టనుకూ మధ్య చోటుంటుంది. మా డీజిల్ ఇంజన్లో లేదు. హెడ్డు దింపాక మేస్త్రి ఒక్కో వాల్వునూ అద్దం పలక మీద దొర్లించాడు. బాగున్నది నున్నగా పోయింది, వంగినది ఎగిరెగిరి పడింది. ఎనిమిదింటిలో ఐదు పోయాయి.

కొత్త వాల్వులు, సీలు, టెన్షనర్ బేరింగు వేశాక అసలు పని మొదలైంది. క్రాంకు, క్యాము, డీజిల్ పంపు, ఈ మూడింటి గుర్తుల మీదా సుద్దముక్కతో గీసి కలిపాడు. పానతో చేత్తోనే క్రాంకును రెండు చుట్లు తిప్పాడు. క్రాంకు రెండుసార్లు తిరిగితే క్యాము ఒక్కసారి తిరుగుతుంది. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి, బలం పెట్టకూడదు. రెండో చుట్టుకు గుర్తులన్నీ మళ్లీ ఎదురెదురుగా నిలిచాయి. అప్పుడు గానీ ఆయన తాళం చెవి ముట్టుకోలేదు. అంత ఓపిక గల చేతులు మా ఊళ్లో ఉన్నాయని నాకు ఇప్పటికీ గర్వం.

ఆ తర్వాత బెల్టు కథ ఒకే దారిన నడవలేదు. కొన్ని ఇంజన్లు తిరిగి చైనుకు వచ్చాయి, ఇంకొన్నింట్లో బెల్టు నూనెలోనే తిరుగుతోంది. కరెంటు కార్లకు ఆ గొడవే లేదు. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు కూడా వచ్చింది. అయినా రాజీవ్ రహదారి మీద ఆనాటి డీజిల్ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

పాత కారు కొంటే మీటరును నమ్మకండి. బెల్టు మార్చిన బిల్లు అడగండి. లేదంటే అది బెల్టు బండో, చైను బండో తెలుసుకుని, బెల్టయితే టెన్షనరుతో సహా ముందే మార్పించండి. కిలోమీటర్లతో పాటు ఏళ్లూ లెక్కపెట్టండి. నడుస్తూ నడుస్తూ బండి ఆగి, సెల్ఫుకు తేలిగ్గా తిరిగితే మాత్రం ఇంకోసారి కొట్టకండి.