మెంటార్ రెక్కలు ఎందుకు విరిగాయి?

1999 ఏప్రిల్ 19. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రైడల్ అనే ఊరి దగ్గర ఉత్తుత్తి యుద్ధం జరుగుతోంది. పాతకాలపు సైనిక శిక్షణ విమానంలో మాజీ ఫైటర్ పైలట్లతో కలిసి ఎక్కి, శత్రువును తరిమినట్టు తరిమి సరదా తీర్చుకోవడం అక్కడ ఒక వ్యాపారం. డబ్బు కడితే ఎవరికైనా అవకాశమే. ఆ రోజు గాల్లోనే ఒక విమానం రెక్క ఊడిపోయింది. అందులోని ఇద్దరూ చనిపోయారు.

ఆ విమానం పేరు బీచ్‌క్రాఫ్ట్ టి-34 మెంటార్. బొనాంజా అనే సొంతదారుల విమానాన్ని ఆధారం చేసుకుని తయారైంది. 1948 డిసెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. 1953 నుంచి అమెరికా వైమానిక దళంలో, ఆ తర్వాత నేవీలో కొత్త కుర్రాళ్లకు ఓనమాలు దిద్దించింది. ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చునే చిన్న విమానం, 225 హార్స్‌పవర్ ఇంజిన్. పెట్టిన పేరుకు తగ్గట్టే ఓపికగా పనిచేసింది. సైన్యం పక్కన పెట్టాక ఫ్లయింగ్ క్లబ్బులకు, సొంతదారులకు చేరింది. చవగ్గా తిరుగుతుంది, ఫైటర్‌లా కనిపిస్తుంది. అక్కడే చిక్కు వచ్చింది.

మెంటార్ పూర్తి బరువుతో సుమారు 1,300 కిలోలు తూగుతుంది. నేరుగా ఎగురుతున్నప్పుడు రెక్కలు మోసేది ఆ బరువునే. గట్టిగా మలుపు తిప్పి 4 జి లాగితే, అంటే బరువుకు నాలుగింతల భారం పడితే, అవే రెక్కలు 5,200 కిలోలు మోయాలి. ఆ భారమంతా రెక్క లోపల ఉండే స్పార్ అనే లోహపు దూలం మీద పడుతుంది. ఒక్కసారికి అది తట్టుకుంటుంది, వెయ్యిసార్లకూ తట్టుకుంటుంది. కానీ తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒక దగ్గర తెగినట్టు, ఎక్కడో ఒక బోల్టు రంధ్రం అంచున వెంట్రుకంత పగులు పుడుతుంది. అది పైకి కనబడదు. రంగు వేసి మెరిపించిన రెక్కను చూస్తే నిన్న తయారైనట్టే ఉంటుంది.

దాన్ని పట్టుకోవాలంటే మెకానిక్ బోల్టు ఊడదీసి, రంధ్రంలోకి పెన్సిల్‌లాంటి ప్రోబ్ దింపి తిప్పాలి. ఎడ్డీ కరెంట్ పరీక్ష అంటారు. లోహంలో ఎక్కడ పగులున్నా యంత్రం తెర మీద గీత ఎగిరిపడుతుంది. ఒళ్లు నొప్పులొచ్చే పని, ఖర్చూ తక్కువ కాదు.

రైడల్ ప్రమాదం తర్వాత అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ కట్టడి విధించింది. 2.5 జి దాటొద్దు, వేగం 152 నాట్లు మించొద్దు, విన్యాసాలు వద్దు అంది. తర్వాత రెక్కల తనిఖీలకు ఆదేశాలిచ్చింది. అవి పూర్తి చేసిన విమానాలు మళ్లీ కుస్తీకి దిగాయి. 2003 నవంబర్‌లో టెక్సస్‌లోని మాంట్‌గోమరీ దగ్గర మరో మెంటార్ రెక్క విరిగింది. 2004 డిసెంబర్‌లో అదే ప్రాంతంలో ఇంకోటి. ఈసారి విరిగింది ఆదేశాల ప్రకారం వెతుకుతున్న చోటు కాదు, రెండు రెక్కలనూ పొట్ట కింద కలిపే దూలం. ఎఫ్‌ఏఏ మొత్తం మెంటార్లనే నేల మీద కూర్చోబెట్టింది. సొంతదారులు బీచ్‌క్రాఫ్ట్ బారన్ స్పార్లను అమర్చుకోవడం వంటి మార్గాలు వెతుక్కుని ఒక్కొక్కరే మళ్లీ గాల్లోకి వచ్చారు.

నా అభిప్రాయంలో ఇక్కడ నేరం వయసుది కాదు, వాడకానిది. యాభై ఏళ్ల కింద పుట్టిన విమానం జాగ్రత్తగా తిరుగుతూ ఇంకో యాభై ఏళ్లు ఉండొచ్చు. ప్రతి శనివారం కొత్త కస్టమర్ వచ్చి పూర్తి బలంతో కర్ర లాగితే, లాగ్‌బుక్‌లో అది ఒక గంట అనే ఉంటుంది. లోహం లెక్క మాత్రం వేరు.

ఇంకో మాట. మెంటార్ ఎక్కినవాళ్లు సంతకం పెట్టి ఎక్కారు. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లో షోర్‌హామ్ పక్క ఎ27 రోడ్డు మీద వెళ్తున్నవాళ్లు పెట్టలేదు. రెండు సీట్ల శిక్షణ జెట్ హాకర్ హంటర్ టి-7 ఎయిర్ షోలో లూప్ తిప్పుతూ వాళ్ల మీద పడింది. 11 మంది పోయారు, పైలట్ బతికాడు. అక్కడ రెక్కలు బాగానే ఉన్నాయి. కనీసం 3,500 అడుగుల ఎత్తు ఉండాల్సిన లూప్ శిఖరం 2,700 అడుగుల దగ్గరే ఆగిపోయింది. విమానం కిందికి దిగి మళ్లీ పైకి లేవడానికి చోటు మిగల్లేదు. దాని తర్వాత బ్రిటన్ పాత జెట్‌లను నేల మీదుగా జరిగే ప్రదర్శనల్లో నేరుగా ఎగిరి వెళ్లడానికే పరిమితం చేసింది. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

మన దుండిగల్ వైమానిక దళ అకాడమీకీ ఇటువంటి చేదు అనుభవం ఉంది. అక్కడి శిక్షణ విమానం హెచ్‌పీటీ-32 దీపక్ వింటేజ్ కాదు, ఇంజిన్ ఆగడమే దాని జబ్బు. 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లను పోగొట్టుకున్నాక 2009లో దాన్ని ఆపేశారు. శిక్షణ విమానమంటే మెత్తనిదనుకోవడం మానుకోవాలని ఆ లెక్క కూడా చెబుతుంది.

హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లకు పిల్లలు పుట్టినరోజు కానుకగా ఇలాంటి విమానయానం టిక్కెట్ కొనివ్వొచ్చు. వద్దనను. ఎక్కేముందు మూడు అడగండి: స్పార్ ఎప్పుడు మార్చారు, ఆఖరి ఎడ్డీ కరెంట్ పరీక్ష ఎప్పుడు చేశారు, ఇప్పటిదాకా విన్యాసాల గంటలెన్ని? జవాబు నోటి మాటగా వస్తే కాగితం చూపించమనండి. చూపించకపోతే డబ్బు పోయినా సరే, ఎక్కకండి.